భోక్త కడుపు

మా ఆయన వృత్తి తినడం. నవ్వకండి, ఉన్నమాటే చెబుతున్నాను. తద్దినం రోజున, పోయిన పెద్దల స్థానంలో పీట మీద కూర్చుని భోజనం చేసే బ్రాహ్మణుణ్ణి భోక్త అంటారు. ఆయన తిన్నది పైనున్నవాళ్ళకి చేరుతుందని నమ్మకం. భోక్త సగం తిని లేచాడంటే, పెద్దలు అర్ధాకలితో వెళ్ళిపోయారని ఆ ఇంట్లోవాళ్ళు ఏడాదంతా కుమిలిపోతారు. అందుకే శ్రీకాకుళంలో మా ఆయన జానకిరామయ్యగారంటే అంత గిరాకీ ఉండేది. వేదం చదువుకున్న మనిషి, స్వరం తప్పని మనిషి, అదంతా సరే. అసలు గొప్పేమిటంటే ఆయన ఆకులో మెతుకు మిగలదు. గారె తుంచి నేతిలో అద్దుకుని, కళ్ళు మూసుకుని నములుతుంటే, "అచ్చం మా నాన్నగారే వచ్చి తిన్నట్టుందండీ" అని కళ్ళు తుడుచుకున్న కొడుకులు ఎందరో నాకు తెలుసు.

ఆయన పక్క ఆకు ఎప్పుడూ మోహనకృష్ణ అన్నయ్యది. తద్దినానికి ఇద్దరు భోక్తలు కావాలి. ఒకరు విశ్వేదేవతల పీట మీద తూర్పు ముఖంగా కూర్చుంటారు. రెండో ఆయన పితరుల పీట మీద, అంటే పోయినవారి స్థానంలో, ఉత్తర ముఖంగా కూర్చుంటారు. దేవతల పీట మా ఆయనది, పితరుల పీట అన్నయ్యది. ముప్పై ఏళ్ళు ఆ జంట మారలేదు. చుట్టరికం లేదు గాని ఒకర్నొకరు "బావా" అనుకునేవారు. అన్నయ్య భార్య గౌతమీ నేనూ ఒకర్నొకరం "వదినా" అనుకునేవాళ్ళం. నాకు వాళ్ళాయనలాగే తనకి మా ఆయన అన్నయ్య. మగాళ్ళిద్దరూ ఒకే స్కూటరు మీద బయల్దేరితే, పాపం ఆ స్కూటరుకి ఎవరు తద్దినం పెడతారో అని మేమిద్దరం గుమ్మంలో నిలబడి నవ్వుకునేవాళ్ళం.

ఎన్ని నవ్వులు నవ్వితే ఏం, ఒళ్ళు ఊరుకోదు కదా. యాభై అయిదు దాటేసరికి మా ఆయన్ని పీట మీంచి లేపడానికి ఇద్దరు కావలసి వచ్చేవారు. షుగరు, ఆయాసం, మోకాళ్ళు. నిద్రలో గురక మధ్యలో ఊపిరి ఆగిపోయేది. అది మళ్ళీ అందుకునేదాకా నేను పక్కన కూర్చుని ఇష్టదైవాలందరినీ పిలిచేదాన్ని. అన్నయ్యదీ అదే తంతు. చివరికి ఇద్దరూ కలిసి విశాఖపట్నం వెళ్ళి పెద్ద డాక్టరుకి చూపించుకున్నారు. ఆయన ఇద్దర్నీ ఎదురుగా కూర్చోబెట్టుకుని, ఇలాగే ఉంటే గుండె ఆగిపోతుందనీ, కడుపులో ముప్పాతిక భాగం కోసి తీసేసే ఆపరేషన్ ఉందనీ చెప్పాడు. మిగిలే కడుపు అరటికాయంత ఉంటుందట.

"ఇంతలా ఎందుకు తింటారండీ?" అని అడిగాడట మధ్యలో.

"అది మా వృత్తి బాబూ" అన్నారట మా ఆయన. డాక్టరు వేళాకోళం అనుకుని నవ్వాడట.

అన్నయ్య చస్తే ఒప్పుకోలేదు. "భోక్త కడుపు కోయించుకోడమేటి బావా! సన్నాయి వాయించీవాడు మూతి కుట్టించుకున్నట్టుంటాది" అన్నాడు. మా ఆయన ఒప్పుకున్నారు. పీట మీద కూర్చుని లేవలేని భోక్త ఎలాగూ భోక్త కాడు గదా అన్నారు.

బరువు తగ్గింది. షుగరు పోయింది. గురక పోయింది. ఆ స్థానంలో నొప్పి వచ్చి కూర్చుంది. ఎడమ డొక్క కింద, ఆపరేషన్‌కి గొట్టం పెట్టిన చిన్న గాటు దగ్గర. గాటు మానింది, నొప్పి మానలేదు. మూడో ముద్ద లోపలికి వెళ్ళేసరికి అక్కడ కత్తి దిగినట్టు మొదలై, వెనక వీపుదాకా పాకుతుంది. స్కానింగులన్నీ అయ్యాయి. డాక్టరు మంచివాడే, ఏమీ దాచలేదు. లోపలంతా సవ్యంగానే ఉందనీ, కొందరికి గాటు దగ్గర నరం ఇలా మొండికేస్తుందనీ, పూర్తిగా పోతుందని మాటివ్వలేననీ చెప్పాడు. దాంతో సర్దుకుని బతకడం నేర్చుకోవాలన్నాడు. ఇంటికి వచ్చిన కోడలి గురించి చెప్పినట్టు చెప్పాడు.

"నొప్పి పదికి ఎంత ఉంటుందండీ?" అని ప్రతిసారీ అడిగేవాడు.

"ఏడున్నర" అన్నారు మా ఆయన ఒకసారి.

"అంత కచ్చితంగానా?"

"ఏల్నాటి శని బాబూ. ఏడున్నరకి తక్కువ ఉండదు."

ఆ పూట నవ్వాం. తర్వాత్తర్వాత నవ్వడం తగ్గింది. సర్దుకోవడం అంటే ఏమిటో నేర్చుకున్నాం. గిన్నె చిన్నది, చెంచా చంటిపిల్లలది. నమిలి నమిలి, పిప్పి అయ్యాక మింగాలి. అన్నంతో నీళ్ళు తాగకూడదు. మందులషాపులో దొరికే మామూలు నొప్పిబిళ్ళ వేసుకోకూడదు, ఉన్న కాస్త కడుపూ పుండు పడుతుందట. నరాలకి వేరే బిళ్ళ ఇచ్చారు. అది వేసుకుంటే నొప్పి కొంచెం వెనక్కి తగ్గేది గాని తల తూలేది. నిద్రలో లేపి అడిగినా తప్పని మనిషి, సంధ్యావందనంలో మంత్రం మధ్యలో ఆగి నా మొహం వంక చూసేవారు. నేనేం అందించగలను! వేడినీళ్ళ సంచి పెట్టేదాన్ని. పంచె ముడి డొక్కకి తగలకుండా కుడివైపు కట్టుకునేవారు. ఎడమచెయ్యి ఎప్పుడూ ఆ గాటు మీదే. పోటు వచ్చినప్పుడు రెండు వేళ్ళతో అక్కడ గట్టిగా అదిమి పట్టి, నోటితో గాలి వదిలేవారు. అదిమితే తట్టుకోగలరు. ఆయనకి దొరికిన ఉపాయం అదొక్కటే.

బయటివాళ్ళకి ఇవన్నీ ఏం కనిపిస్తాయి? "ఎంత సన్నబడ్డారండీ! పాతికేళ్ళ కుర్రాడిలా ఉన్నారు" అనేవారు. నాకు ఒళ్ళు మండేది. పాలు పోసే జగ్గమ్మ ఒక్కతే మొహం మీద ఉన్నమాట అంది. "కొండనాలిక్కి మందేస్తే ఉన్న నాలిక ఊడిపోనాదంటారు సూడమ్మా, పంతులుగారి పని అలగయిపోనాది" అంది. ఆ పూట దానికి కాఫీ ఇచ్చాను.

పిలుపులు వాటంతట అవే ఆగిపోయాయి. చెంచాడు తినే భోక్తని ఎవరు పిలుస్తారు? అన్నయ్య మాత్రం రోజూ సాయంత్రం వచ్చేవాడు. అరుగు మీద కూర్చుని, ఆ రోజు ఎవరింట్లో తద్దినమో, ఏమేం వండారో చెప్పేవాడు. "అరటికాయ కూరలో ఆవ బాగా పడింది బావా. పరవాన్నంలో మాత్రం బెల్లం ఎక్కువైపోనాది. పెరుగు, అబ్బో, కత్తితో కోయాలి" అంటూ ఒక్కొక్కటీ వడ్డించినట్టు చెప్పేవాడు. మా ఆయన డొక్క అదుముకుని, కళ్ళు మూసుకుని వినేవారు. నేను లోపల గంజి కాస్తూ వినేదాన్ని. మా ఇంట్లో భోజనం అనేది ఏదైనా జరిగిందంటే ఆ కాసేపే.

నిరుడు భాద్రపదంలో అన్నయ్య పెరట్లో పంచె ఆరేస్తూ పడిపోయాడు. డాక్టరు చెప్పిందే అయింది. ముందు నుయ్యి వెనక గొయ్యి అంటే నాకు అప్పుడు తెలిసింది. కోయించుకున్నవాడు ఇలా, కోయించుకోనివాడు అలా.

అన్నయ్య కొడుకు ఉపేంద్ర ఎచ్చెర్లలో యూనివర్సిటీ ఆఫీసులో పని చేస్తాడు. తండ్రి పోయాక తల్లిని అక్కడికే తీసుకెళ్ళిపోయాడు. ఏడాది తిరిగి ఆబ్దికం దగ్గర పడుతుండగా ఒక ఆదివారం బండి మీద వచ్చాడు. మంచినీళ్ళు తాగి, గ్లాసు కింద పెట్టకుండా తిప్పుతూ కూర్చున్నాడు.

"మావయ్యా, నాన్నగారి ఆబ్దికం. భోక్తలు దొరకడమే కష్టంగా ఉన్నాది. బొబ్బిలాయన ఒకాయన వస్తానన్నారు. కానీ అమ్మ..." అని ఆగాడు.

"అమ్మ ఏటంటాది?"

"నాన్నగారి పీట మీద మీరు తప్ప ఇంకెవరు కూచున్నా వండనంటోంది. తెలీనివాడి నోటితో ఆయన తినరంటాది."

నేను వంటింట్లోంచే అన్నాను. "ఈయన నోట్లోకి నాలుగు చెంచాలకి మించి పోదని మీ అమ్మకి తెల్దేటి?"

"తెలుసు అత్తయ్యా. నేనూ చెప్పేను. దెబ్బలాడేను కూడాను." గొంతు దించాడు. "ఏడాదిబట్టి అమ్మ సరిగ్గా అన్నం తినడం లేదు. కలుపుకుంటాది, లేచిపోతాది. ఆయనకి పెట్టకుండా ఎలా తినీదిరా అంటాది. ఈ ఒక్కసారి ఆయన తృప్తిగా తిన్నారనిపిస్తే తనూ తింటాదేమో అని నా ఆశ."

"వస్తాను" అన్నారు మా ఆయన.

నన్ను చూడను కూడా లేదు. వాడు వెళ్ళేదాకా ఓపిక పట్టాను, అదే నా గొప్ప.

"మీకేమైనా మతి పోయిందా? దీపావళికి రెండు ముద్దలు ఎక్కువ తిని ఎన్నాళ్ళు మంచం దిగలేదో గుర్తుందా?"

"గుర్తున్నాది."

"ఆమశ్రాద్ధం ఉంది కదండీ. బియ్యం, కూరలు దానం ఇచ్చీస్తే సరిపోతుందని శాస్త్రంలో లేదా?"

"శాస్త్రంలో ఉన్నాది. గౌతమికి లేదు."

"మరి నాకు? నేనెవర్ని?"

ఆయన డొక్క మీద వేళ్ళు అలాగే ఉన్నాయి. "వాడు రోజూ వచ్చి నా కోసం తిన్నవన్నీ చెప్పీవాడే. ఒక్క రోజు వాడి కోసం నేను తినలేనా?" అన్నారు. నేను లేచి వెళ్ళి ఆయన మడిపంచె బయటికి తీశాను.

భోక్తకి ముందు రాత్రి భోజనం ఉండదు. ఉదయం నుంచి పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టకూడదు. మందుకి దోషం లేదు, బిళ్ళ ఒక్కటి వేసుకోండి అని బతిమాలాను. "దోషం గురించి కాదే. బిళ్ళ వేసుకుంటే మంత్రం తప్పుతాది. వాడి గోత్రం పేరు దగ్గర తప్పిపోతే ఏటి చెయ్యను?" అన్నారు. ఆ రోజుకి బిళ్ళ కూడా లేదు.

గంగులు ఆటోలో ఎచ్చెర్ల వెళ్ళాం. గంగులు మా వీధివాడే, ఆయన సంగతి తెలుసు. "కుదుపు తగిల్తే సెప్పండి పంతులుగారూ, నెమ్మదిగా పోనిస్తాను" అని స్పీడ్‌బ్రేకర్ వచ్చినప్పుడల్లా ఆటోని దాదాపు ఆపి దాటించాడు. ఆపినప్పుడల్లా మా ఆయన డొక్క అదుముకునేవారు. నేను అటు చూడకుండా రోడ్డు వంక చూశాను.

గౌతమి తడిబట్టతో పొయ్యి దగ్గర ఉంది. తెల్లారకుండానే మొదలుపెట్టి ఒక్కతే వండుకుంటోంది. ఏడాదిలో మనిషి సగం అయిపోయింది. పలకరింపులు లేవు. "వదినా, గారెల పిండి జారుగా ఉన్నట్టున్నాది, చూడు" అంది. నేను కోపంగా వెళ్ళాను, తిట్టాలని కూడా అనుకున్నాను. పిండిలో వేలు పెట్టి చూసి "బాగానే ఉంది" అన్నాను. తద్దినం వంట రుచి చూడకూడదు. వాసన బట్టి, చేతి బట్టి చెయ్యాలి. అరటికాయ కూర, కంద, పెసరపప్పు, నువ్వుల పచ్చడి, పరవాన్నం, గారెలు. అన్నీ అన్నయ్య ఎలా తింటాడో అలాగే వండుతోంది. ఆవ దండిగా వేసింది. పరవాన్నంలో బెల్లం తగ్గించింది.

హాల్లో పీటలు వేశారు. ఆ బొబ్బిలాయన చివరి నిమిషంలో రాలేనన్నాడు. దేవతల పీట మీద మనిషికి బదులు దర్భలు ముడివేసి పెట్టారు. ముప్పై ఏళ్ళు మా ఆయన కూర్చున్న పీట అది. ఆయన దాన్ని ఒక్క క్షణం చూశారు. తర్వాత వెళ్ళి ఉత్తర ముఖంగా, అన్నయ్య పీట మీద కూర్చున్నారు. ఉపేంద్ర ఆయన కాళ్ళు కడిగి ఆ నీళ్ళు నెత్తిన చల్లుకున్నాడు. పేరూ గోత్రమూ చెప్పి తండ్రిని ఆయనలోకి ఆవాహన చేశాడు. ఆయన బొటనవేలు పట్టుకుని అన్నానికి తాకించాడు.

భోజనం మొదలైంది. అప్పుడు నాకు ఒక సంగతి తట్టింది. తద్దినం భోజనంలో భోక్త ఎడమచెయ్యి ఆకు మీంచి తియ్యకూడదు. లేచేదాకా ఆకుని అలా పట్టుకునే ఉండాలి. మాట్లాడకూడదు. చాలని సైగ కూడా చెయ్యకూడదు. అంటే నొప్పి వచ్చినా ఆయన డొక్క అదుముకోలేరు. ఇన్నాళ్ళూ ఆయన్ని నిలబెట్టిన ఆ ఒక్క ఉపాయమూ ఇవాళ లేదు. ఇది ఆయనకి ముందే తెలుసు. తెలిసే వచ్చారు.

మొదట గారె తుంచారు. నేతిలో అద్దారు. కళ్ళు మూసుకున్నారు. నాకు ఏడుపు వస్తుందనుకున్నాను, రాలేదు. అసూయ వచ్చింది. రెండేళ్ళుగా నా చేతి ముద్ద ఒక్కటి సరిగ్గా లోపలికి పోని మనిషి, ఇంకో ఆడదాని పొయ్యి మీద వండింది, పోయినవాడి కోసం ఇష్టంగా తింటున్నారు. నా భర్త భోజనం చేస్తుండగా నేను చూడడం, ఎన్నాళ్ళకో దొరికిన ఆ దృశ్యం కూడా నాది కాదు.

అన్నం కలిపారు. మూడో ముద్దకి చెంపల పక్కన చెమట పట్టింది. అయిదో ముద్దకి చెమట మెడ మీదికి జారింది. ఎడమచెయ్యి ఆకు అంచు మీదే ఉంది, కాని వేళ్ళు తెల్లబడ్డాయి. మడిచిన కాళ్ళ వేళ్ళు లోపలికి ముడుచుకుపోయాయి. మొహం మాత్రం ఎవరికీ ఏమీ తెలియనట్టే ఉంది. నలభై ఏళ్ళు కాపురం చేసినదానికి తప్ప ఇంకెవరికీ తెలియదు. ఉపేంద్ర నెయ్యి వేశాడు. కూర మళ్ళీ వేశాడు. ఆయన ముద్ద తీసి, నమిలి, నమిలి, మింగేవారు. మింగాక ఒకసారి ఊపిరి బిగబట్టేవారు. మళ్ళీ ముద్ద. పురోహితుడు గడియారం చూసుకున్నాడు. ఎండ గుమ్మం దాటి హాల్లోకి వచ్చింది.

వంటింట్లో గౌతమి ఇంకో నాలుగు గారెలు పళ్ళెంలో పెట్టింది. గుమ్మం దగ్గర నేను దాని మణికట్టు పట్టుకున్నాను.

"ఇంక పెట్టకు వదినా. చూడు ఆయన్ని."

"నాలుగే వేసేను. ఆయనకి ఏడెనిమిది ఉండాలని నీకు తెల్దా?"

"తింటన్నది మీ ఆయన కాదు గౌతమీ. మా ఆయన."

అది నా వంక చూసింది. ఏడాదిలో మొదటిసారి నన్ను చూసినట్టు చూసింది. కోపం లేదు. చెయ్యి విడిపించుకోవాలని కూడా చూడలేదు.

"ఈ పూటకి మా ఆయనే వదినా. ఈ ఒక్క పూటకి ఇచ్చీ" అంది.

నేను చెయ్యి వదిలేశాను. ఏం చెయ్యను? చచ్చిపోయిన మొగుణ్ణి ఒక పూటకి అడిగిన ఆడదాన్ని కాదంటే నేను మనిషినా? ఇస్తే మాత్రం నేను పెళ్ళాన్నా?

ఆ నాలుగు గారెలూ ఆయన తిన్నారు. పరవాన్నం తిన్నారు. చివర పెరుగన్నం. ఆకులో మెతుకు మిగల్లేదు. ఉపేంద్ర చేతులు జోడించి, "తృప్తాః స్థ?" అని అడిగాడు. తృప్తి అయిందా అని. ఆ మాట అడగడం తద్దినంలో మామూలే. వాడి నోట్లోంచి మాత్రం అది తండ్రిని అడిగినట్టే వచ్చింది. ఆయన పెదవులు పాలిపోయి ఉన్నాయి.

"తృప్తాః స్మః" అన్నారు. స్వరం ఎక్కడా జారలేదు.

గౌతమి వంటింటి నేల మీద కూలబడి భోరుమంది. మీద పడి ఏడ్చే ఏడుపు కాదు. పెళ్ళివారందరూ భోజనాలు చేసి లేచాక ఇంటామె ఊపిరి పీల్చుకున్నట్టుంది. పిండప్రదానం అయ్యాక అందరికీ ఆకులు వేశారు. అది ఎదురుగా కూర్చుని కూరతో, పప్పుతో, పచ్చడితో అన్నం తింది. ఉపేంద్ర మళ్ళీ వడ్డిస్తుంటే వద్దనలేదు. నాకు మాత్రం ముద్ద దిగలేదు.

ఆటో ఎక్కగానే ఆయన ముందుకి వంగిపోయారు. ఇప్పుడు రెండు చేతులూ డొక్క మీదే. మొహం బూడిదరంగులో ఉంది. నోరు గట్టిగా మూసుకుని ముక్కుతో ఊపిరి తీస్తున్నారు. లోపలున్నదంతా పైకి తన్నుకొస్తోందని నాకు అర్థమైంది. "గంగులూ, ఆపు" అన్నాను. ఆయన వద్దన్నట్టు తల అడ్డంగా ఊపారు. భోక్తకి వాంతి అయితే తద్దినం పాడయినట్టే లెక్క. పోయినవాడికి పెట్టింది చేరదు. మళ్ళీ మొదట్నించీ పెట్టాలి.

"ఆసుపత్రికి పోనిద్దామా అమ్మా?" అన్నాడు గంగులు అద్దంలో చూస్తూ.

ఆయన దానికీ తల అడ్డంగానే ఊపారు. ఇల్లు వచ్చేదాకా ఆ నోరు తెరవలేదు.

మంచం మీద పడుకోబెట్టి, వేడినీళ్ళ సంచి పెట్టి, బేసిను పట్టుకుని పక్కన కూర్చున్నాను. ఆయన ఒళ్ళంతా తడిసిపోయింది. కాళ్ళు దగ్గరికి ముడుచుకుని చిన్నపిల్లాడిలా ఉన్నారు.

"కక్కీండి. మీ కాళ్ళు పట్టుకుంటాను. ఎవరికీ చెప్పను. గౌతమికి ఎలా తెలుస్తుంది?" అన్నాను.

"వాడికి తెలుస్తాది" అన్నారు పళ్ళ మధ్య నుంచి.

నా కడుపు మండిపోయింది. బతికున్నదాన్ని నేను ఇక్కడ బేసిను పట్టుకుని ఏడుస్తుంటే, పోయినవాడికి తెలుస్తుందట. అలా అనేద్దామని నోరు తెరిచాను. అప్పుడే ఫోను మోగింది.

"వదినా" అంది గౌతమి. గొంతు చాలా తేలిగ్గా ఉంది. "ఇప్పుడే కాస్త నడుం వాల్చి లేచేను. ఎన్నాళ్ళకో నిద్ర పట్టింది. ఆయన వచ్చి తిని వెళ్ళినట్టే ఉన్నాది వదినా. అన్నయ్య ఎలా ఉన్నారు?"

"పడుకున్నారు."

"పాపం, అలిసిపోయుంటారు. చూడు, వచ్చే ఏడు కూడా అన్నయ్యే కూచోవాల. ఇంకొకళ్ళ మాట నేను ఎత్తనివ్వను. చెప్పు ఆయనకి."

నేను ఆయన వంక చూశాను. ఆయనకి వినబడింది. కళ్ళు తెరవకుండానే, ఔనని చెప్పమన్నట్టు తల ఆడించారు.

నలభై ఏళ్ళలో నా నోటికి అడ్డం ఎవరూ రాలేదు. అత్తగారికి జవాబు చెప్పాను, డాక్టర్లకి చెప్పాను, ఊళ్ళో అందరికీ చెప్పాను. ఆ పూట మాత్రం "అలాగే వదినా" అన్నాను. ఫోను పెట్టేశాను.

వాంతి కాలేదు. ఎలా ఆపారో ఆయనకే తెలియాలి. ఎండ తగ్గేసరికి పోటు కొంచెం వెనక్కి వెళ్ళింది. బిళ్ళ వేశాను. చెమట తుడుస్తుంటే నా కోపం మళ్ళీ లేచి కూర్చుంది.

"ఇంత పడ్డందుకు రుచైనా తెలిసిందా మీకు?" అన్నాను.

బిళ్ళ మత్తు పడుతోందనుకుంటాను, మాట ముద్దగా వచ్చింది.

"నాకేటి తెలుసే. తిన్నది వాడు కదా" అన్నారు. నా చెయ్యి పట్టుకున్నారు. "శ్యామలా, నాకు ఆకలేస్తన్నాదే. రెండేళ్ళబట్టి ఆకలిగానే ఉన్నాది."

ఉండండి, ఇప్పుడే వస్తాను అని లేచి వంటింట్లోకి వెళ్ళాను. పొయ్యి వెలిగించలేదు. కొంగు నోట్లో కుక్కుకుని, ఆయనకి వినబడకుండా ఏడ్చాను.